కుందేలు చెంచా

చెంచా పెదవి దాకా వెళ్ళింది. బేర్మెత్ పెదవులు బిగించి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఏడవలేదు, చెయ్యి విసరలేదు, ఊరికే తిప్పుకుంది, గుమ్మంలో నిలబడ్డ తెలియని మనిషిని చూసి తలుపు దగ్గరగా వేసుకున్నట్టు. పది నెలల పిల్లకి ఇంత నిబ్బరం ఎక్కడిదా అనుకుంది గుల్సున్. నాకు ఇరవై ఆరేళ్ళు, నేనింతవరకూ ఎవరి ముందూ ఇలా మొహం తిప్పింది లేదు, నా కడుపున పుట్టి దీనికెలా వచ్చింది. చెంచా పిడి మీద కుందేలు నవ్వుతోంది. పట్నం నుంచి తోడికోడలు జూరా పంపిన చెంచా అది, ఎర్ర ప్లాస్టిక్కుది, రెండు చెవులు, రెండు పళ్ళు. అందులో ఉన్న గోధుమ రవ్వ జావ చల్లారి మీద తొరక కట్టింది. గుల్సున్ ఆ తొరకని వేలితో తీసి తన నోట్లో వేసుకుంది. ఈ ఆరు రోజులుగా పిల్ల వదిలినదంతా ఆమే తింటోంది. పిల్ల చిక్కిపోతోంది, తల్లి బుగ్గలు ఊరుతున్నాయి. నిన్న నీళ్ళకి వెళ్తే పక్కింటామె బిందె దించి మరీ అంది కూడా, “ఏం గుల్సున్, బిడ్డ జబ్బు నీకు బాగా ఒంటబట్టినట్టుందే” అని.

అత్తగారు ఉల్కాన్ వెళ్ళి ఎంతోసేపు కాలేదు. వీధి చివర ముసలాయన పోయి ఇవాళ్టికి నలభై రోజులు, అక్కడ భోజనాలు. గుమ్మంలో రబ్బరు జోళ్ళు తొడుక్కుంటూ ఆవిడ కిటికీ నీడని చూపించింది. నేల మీద పరిచిన ఉన్ని తివాచీలో పొట్టేలు కొమ్ముల ముగ్గుంది, ఎరుపూ నలుపూ. “నీడ ఆ రెండో కొమ్ము దాటేసరికి వచ్చేస్తా. జూరా వాళ్ళు నేరుగా అక్కడికే వస్తున్నారు, అందరం కలిసి వస్తాం. ఈలోగా నాలుగు చెంచాలన్నా దిగాలి పిల్ల కడుపులోకి. విన్నావా?” “విన్నానమ్మా.” “వినడం నువ్వు బాగానే వింటావు.” అని మనవడు సమత్ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. మంచు మీద ఇద్దరి అడుగులూ కరకరలాడుతూ గేటు దాకా వినిపించాయి. తింటే జూరా తీసుకెళ్తుంది. తినకపోతే నర్సు మళ్ళీ ఆసుపత్రికి పంపుతుంది. ఈ రెండు మాటల్నీ ఎవరూ పక్కపక్కన పెట్టి అనలేదు గానీ ఆ ఇంట్లో అందరికీ తెలుసు, పొయ్యి దగ్గర పడుకునే పిల్లికి కూడా తెలిసే ఉంటుంది.

పాలు తాగే బిడ్డని తల్లి ఒడిలోంచి తీస్తే పాపం. ముద్ద ముట్టిన బిడ్డ అయితే ఎవరింట్లోనైనా బతుకుతుంది. పెద్దల మాట అది, అందులో ఎవరి తప్పూ లేదు, జూరా తప్పు అసలే లేదు. పెళ్ళయి పదకొండేళ్ళు, మొక్కని దర్గా లేదు, మునగని వేడినీళ్ళ బుగ్గ లేదు. వచ్చినప్పుడల్లా గుల్సున్‌కి జోళ్ళో కండువానో తెస్తుంది. అందరి కంటే ముందు లేచి పిడకలు తెచ్చి తనే పొయ్యి రాజేస్తుంది. చెడ్డ మనిషైతే ఎంత బాగుండేది. చెడ్డ మనిషిని తిట్టుకుంటే కాస్త నిద్ర పట్టేది. ఇల్లు ఊడుస్తూ ఒకసారి జూరా అడిగింది, “నీకు పాలు పడేటప్పుడు నొప్పిగా ఉంటుందా?” అని, తల ఎత్తకుండా, చీపురుతో అడిగినట్టు. గుల్సున్ “లేదక్కా” అంది. ఉంటుంది, రొమ్ములోకి సన్నగా సూదులు దిగినట్టు ఉంటుంది. లేదని ఎందుకంది? ఉందంటే ఆవిడకి లేనిదేదో చూపించి ఊరించినట్టవుతుందని కాబోలు. ఇలా ఎదుటి వాళ్ళకి నొప్పి కలక్కుండా మాట్లాడుతూ మాట్లాడుతూ ఇక్కడిదాకా వచ్చింది.

నీడ మొదటి కొమ్ము మొదట్లో ఉంది. సమత్ అప్పుడు కూడా మాఘం చలే. వాడికి పదకొండు నెలలు, దగ్గు తగ్గి లేచాడు, ఏమీ ముట్టడం లేదు. అత్తగారు రొట్టె ముక్క ఉప్పు తేనీటిలో నానబెట్టి బొటనవేలితో వాడి నోట్లో పెడితే చప్పరించి మింగేశాడు. ఇంకోటి. ఇంకోటి. గుల్సున్ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తాయి, చిన్నపిల్లలా, పిచ్చిదానిలా, ఎగిరి మరీ కొట్టింది. ఆ సాయంత్రం ఉల్కాన్ కొయ్య ఊయలని తన గదిలోకి జరిపించుకుంది. మొదటి మనవడు నానమ్మ కొడుకు, అది గుల్సున్‌కి తెలియనిది కాదు, తన అన్న కూడా అలాగే పెరిగాడు. కానీ తెలియడం వేరు, ఊయల కాళ్ళు నేల మీద గీసుకుంటూ పక్క గదిలోకి వెళ్తుంటే వినడం వేరు. పాలు గడ్డకట్టి మూడు రోజులు జ్వరం. నాలుగో రోజుకి అలవాటైంది. ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు. నానమ్మని అమ్మా అంటాడు. కన్నతండ్రిని అన్నా అంటాడు. గుల్సున్‌ని వదినా అంటాడు. గుల్సున్ కూడా అత్తగారిని అమ్మా అనే పిలవాలి కదా, కోడళ్ళందరూ అలాగే పిలుస్తారు. తల్లీ కొడుకూ ఇద్దరూ ఒకే మనిషిని అమ్మా అని పిలుస్తూ ఒకే కంచం చుట్టూ కూర్చుంటారు. మొన్న వాడు జారి పడి మోకాలు కొట్టుకుపోయి ఏడుస్తుంటే ఆమె పరిగెత్తింది, ఎత్తుకుంది. వాడు ఆమె భుజం మీద నుంచి లోపలికి చేతులు చాపి “అమ్మా” అని అరిచాడు. అప్పుడామె వాణ్ణి మోసుకెళ్ళి అమ్మకి అందించింది. కోడళ్ళు చేసే పనుల్లో అదీ ఒకటి అన్నట్టు.

“ఇంకొక్కసారి చూద్దామా, నా బంగారం.” చెంచా మళ్ళీ వెళ్ళింది, మొహం మళ్ళీ తిరిగింది. తల్లి చెయ్యి రొమ్ము దాకా రాగానే రెండు చేతులూ చాపింది బేర్మెత్. గుల్సున్ దాన్ని ఒళ్ళో వేసుకుని పాలిచ్చింది. తల మీద ఒక పక్క జుట్టు గొరిగి ఉంది, అక్కడే సూది పెట్టారు, ఆసుపత్రిలో ఎనిమిది రోజులు. విరేచనాలు, జ్వరం, గాజు కళ్ళు. ఆ గొరిగిన చోట ఇప్పుడు గరుకుగా మొలుస్తోంది, కోతకోసిన చేనులో అడుగు మోళ్ళలా. అరికాళ్ళు చూస్తే ముసలివాళ్ళ చేతుల్లా ముడతలు. నర్సు శుక్రవారం పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ఆ మడత వెంటనే పోలేదు, కాసేపలాగే నిలబడింది, దుప్పటి మీద ముడతలా. “పాలతో ప్రాణం నిలుస్తుందే గానీ ఒళ్ళు నిలవదు. వారంలో తిండి పడకపోతే మళ్ళీ సూది తప్పదు. ఏం పెడుతున్నావు?” “అన్నీ పెడుతున్నాను.” “ఎలా పెడుతున్నావు?” గుల్సున్ పిల్ల చొక్కా కిందికి లాగింది. ఎలా పెడుతుందో ఆ నర్సుకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా చెప్పుకోలేదు, ఆరు రోజులుగా ఆ మాట చుట్టూ, కట్టుకొయ్య చుట్టూ మేకలా, తిరుగుతోంది.

పాలు రావడం లేదు. ముందు రెండు గుక్కలే, తర్వాత ఉత్త చప్పరింత. మామూలుగా పాలు రాకపోతే పిల్ల గిలగిల్లాడి ఏడ్వాలి, గీరాలి, కొరకాలి. జబ్బుకి ముందు కొరికేది కూడా, కింద రెండు పళ్ళతో, రక్తం వచ్చేట్టు. ఇప్పుడేమీ చెయ్యలేదు. రొమ్ము వదిలేసి, కళ్ళు తెరుచుకుని, పైకప్పు దూలం వంక చూస్తూ పడుకుంది. ఆ పడుకోవడంలో ఏదో సర్దుకుపోవడం ఉంది. లేదంటే లేదులే అన్నట్టు. గుల్సున్‌కి ఈ చూపు తెలుసు. ఇది తన చూపే. ఊయల పక్క గదికి వెళ్ళిన రాత్రి దూలం వంక చూసింది తనే.

ఎక్కడ మొదలైంది ఇది? ఊయల పండగ రోజు. బేర్మెత్ పుట్టిన నలభయ్యో నాడు, ఇల్లంతా చుట్టాలు, పెద్ద పళ్ళెంలో సన్నగా తరిగిన మాంసం, సేమ్యా లాంటి పిండి పోగులు, ఉల్లిపాయ పులుసు. ఉల్కాన్ అరచేతిలో ముద్ద కూర్చి, చేతి నిండా, మణికట్టు దాకా కొవ్వు కారుతుండగా, గుల్సున్ ముందుకి వచ్చింది. పెద్దవాళ్ళు అలా నోట పెట్టడం గౌరవం. పెళ్ళిలో పెట్టారు, పురిట్లో పెట్టారు, మనిషిని మా మనిషి అనుకుంటేనే పెడతారు. “పెద్దల చేతి ముద్ద కాదన్న నోరు పుచ్చిపోతుంది” అని పుట్టింట్లో అమ్మ చెప్పి పంపింది. “నోరు తెరువు, కోడలా.” తెరిచింది. ముద్ద పెద్దది, బుగ్గలు రెండూ నిండి గొంతు దాకా కూరుకుంది. అప్పుడు ఉల్కాన్ చెయ్యి తుడుచుకుంటూ అందరి వంకా తిరిగి, “ఈ పిల్ల పాలు మరిచాక పెద్దకోడలి ఒడిలో పెరుగుతుంది. వాళ్ళింట్లోనూ ఊయల ఊగాలి” అంది. జూరా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మగవాళ్ళు చేతులు చాపారు, అలాగే జరగాలని ఓమిన్ అన్నారు, అరచేతులు మొహాల మీంచి కిందికి దింపుకున్నారు. దీవెన అయిపోయింది. గుల్సున్ అప్పటికింకా నములుతూనే ఉంది. మింగేసరికి తేనీరు పోస్తున్నారు. అవతల ఎవరో ముసలాయన మెచ్చుకున్నాడు కూడా: “బంగారం లాంటి కోడలు, కిక్కురుమనలేదు.” కిక్కురుమనడానికి నోట్లో చోటేదీ? భర్త ఎర్మెక్ గొర్రెల మందతో కొండ మీద ఉంటాడు, మూడు వారాలకోసారి దిగుతాడు. దిగినప్పుడు మెల్లగా కదిపి చూసింది. బూట్లు విప్పుకుంటూ అన్నాడు, “అన్నకిస్తే పరాయివాళ్ళకి ఇచ్చినట్టా? మనకేం, మళ్ళీ కందాంలే.” ఉన్ని కత్తిరిస్తే మళ్ళీ మొలుస్తుంది అన్నంత తేలిగ్గా. మంచివాడే. గొర్రె ఈనేటప్పుడు రాత్రంతా కూర్చుని పిల్లని తల్లికి అలవాటు చేస్తాడు. తల్లి వాసన తగలకపోతే గొర్రె పాలివ్వదు అని అతనే చెప్పాడు.

నీడ మొదటి కొమ్ము దాటింది. పొయ్యి మీద కెటిల్ సన్నగా పాడుతోంది. బేర్మెత్ చెయ్యి గిన్నె అంచు మీద పడింది, వేళ్ళకి కాస్త జావ అంటింది. ఆ వేళ్ళని చూసుకుంది. గుల్సున్ ఊపిరి బిగబట్టి చూసింది. వేళ్ళు నోటి దాకా వెళ్ళాయి. గుల్సున్ చటుక్కున చెంచా అందుకుంది. కుందేలు కనబడగానే వేళ్ళు ఆగాయి, పెదవులు బిగిశాయి, మొహం కిటికీకి తిరిగింది.

అంతే. చెంచా పట్టుకున్న చెయ్యి గాల్లో ఉండిపోయింది. ఎందుకందుకున్నాను? తింటోంది కదా, తన చేత్తో తను తింటోంది కదా, చెంచా ఎందుకందుకున్నాను? ఆసుపత్రిలో మాత్రలు నూరి జావలో కలిపింది తనే. చేదు మాత్రలు, రోజుకి మూడుసార్లు, ముక్కు మూసి, తల పట్టుకుని, ఈ చెంచాతోనే. ఎనిమిది రోజులు. ఇరవై నాలుగుసార్లు ఈ కుందేలు నవ్వుతూ వచ్చి నోట్లో చేదు పోసింది. కుక్కపిల్లకైనా తెలుస్తుంది, పిల్లకి తెలియదా? ఇంటికొచ్చిన మొదటి రోజే గుల్సున్‌కి అర్థమైంది. పిల్లకి తిండి మీద విరక్తి లేదు, ఈ చెంచా మీద భయం. అర్థమైంది. అయినా పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం ఇదే చెంచా కడిగింది, ఇదే చెంచా పట్టింది, “చూడండమ్మా, ముట్టడం లేదు” అని అందరి ముందూ ఇదే చూపించింది. గూట్లో అల్యూమినియం చెంచాలు నాలుగున్నాయి, కొయ్య గరిటె ఉంది, చేతికి అయిదు వేళ్ళున్నాయి. అత్తగారు, “నేను వేలితో పెట్టి చూస్తానే” అంటే, “ఆసుపత్రిలో చేతితో పెట్టద్దన్నారమ్మా” అంది. ఎవరూ అనలేదు. కాపురానికొచ్చాక అత్తగారితో ఆడిన మొదటి అబద్ధం. కాదనడానికి నోరు లేక, పది నెలల పిల్ల నోటితో కాదనిపించింది. నేను మూయలేని నోరు నువ్వు మూయి తల్లీ అని, ఇంత బతుక్కి ఇంత బరువు ఎత్తింది. అది మోసింది. పొట్ట మీద చర్మం మడత పడేదాకా మోసింది, ఏడ్చే ఓపిక పోయేదాకా మోసింది.

గుల్సున్ లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. చెంచాని పొయ్యి పక్క గట్టు మీద, నవ్వు గోడకి తిప్పి, బోర్లించింది. గూట్లోంచి పేలపిండి డబ్బా తీసింది, వేయించి విసిరిన బార్లీ, మూత తియ్యగానే గది నిండా వేసవి వాసన. రెండు గుప్పెళ్ళు గిన్నెలో వేసి, గోరువెచ్చని పాలు పోసి, కరిగిన వెన్న వేసి వేళ్ళతో కలిపింది. ఇవాళ ఇది తింటే సాయంత్రం తీసుకెళ్తారు. కలిపే వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తీసుకెళ్తే తీసుకెళ్తారు, బతికుంటే కదా తీసుకెళ్ళడానికైనా. మళ్ళీ కలిపింది. గొరిగిన తలతో, దూలం వంక చూస్తూ పడుకున్న పిల్లని లేపి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ముందు తను తింది, పిల్ల చూసేట్టు, నోరు చప్పుడు చేస్తూ. తర్వాత వేలి కొసన బఠాణీ గింజంత పెట్టుకుని పెదవి దగ్గర ఆపింది. తోయలేదు. ఆపింది. బేర్మెత్ వేలిని చూసింది, తల్లి మొహం చూసింది, చెయ్యి వెనకాల ఇంకేమైనా ఉందేమోనని అటూ ఇటూ చూసింది. ఎంతసేపో. కెటిల్ పాట ఆగి కుతకుతలాడింది. పెదవులు కొంచెం తెరుచుకున్నాయి. నాలుక వేలిని తాకింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. రెండో ముద్దకి రెండు పళ్ళూ వేలి మీద దిగాయి, గట్టిగా, నొప్పిగా. ఆ నొప్పికి గుల్సున్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “కొరుకు. కొరకవే. ఇన్నాళ్ళూ నిన్ను నేను కొరుక్కు తిన్నాను.” చప్పట్లు మాత్రం కొట్టలేదు. గిన్నె అడుగు కనబడేసరికి నీడ రెండో కొమ్ము దాటింది, గేటు దగ్గర కారు తలుపు చప్పుడయింది.

ముందు చలిగాలి వచ్చింది, తర్వాత సమత్. “వదినా, నీకు బోర్సోక్ తెచ్చా!” అని పిడికిలి విప్పాడు, వేయించిన పిండి ముక్క సగం నలిగిపోయి ఉంది. వెనక ఉల్కాన్, చేతిలో భోజనాల ఇంటి నుంచి తెచ్చిన సంచీ. ఆ వెనక గుమ్మంలోనే ఆగిపోయిన జూరా, చంకలో తను అల్లిన పసుపు కోటు, ఇంత చిన్నది. బావగారు బయట ఇంజను మీద దుప్పటి కప్పుతున్నాడు. ఉల్కాన్ చేతి తొడుగులు కూడా తియ్యకుండా గిన్నె ఎత్తి చూసింది, పిల్ల నోరు వాసన చూసింది. “పేలపిండి! ఓ దేవుడా, ఊడ్చి పెట్టింది! ఎవరు పెట్టారే?”

“నేనే.”

“దేంతో?”

“చేత్తో.”

“మరి ఆసుపత్రి వాళ్ళు వద్దన్నారన్నావ్?” గుల్సున్ పిల్ల మూతి తుడిచింది. ఉల్కాన్ ఆమెని ఒక్క క్షణం చూసింది, నలుగురు పిల్లల్ని కని ఇద్దర్ని పూడ్చిన ముసలిది, ఆ ఒక్క క్షణం చాలు. కానీ మొహం మీద ఏమీ రానివ్వలేదు. “సరేలే. తిన్నది, అదే పదివేలు. చూశావా జూరా, నేను చెప్పలా? ముద్ద ముట్టింది, ఇంక దిగుల్లేదు. తేనీరు తాగి బయలుదేరండి, కనుమ మీద చీకటి పడకముందే దాటాలి.” సంచీ విప్పింది. చల్లారిన మాంసం, తోక కొవ్వు, పోగులు. అరచేతిలో పోసి, వేళ్ళు ముడిచి, ముద్ద కూర్చింది. అరచేయి గుల్సున్ మొహం ముందుకి వచ్చింది. “ఇది బిడ్డకి పెట్టిన తల్లికి. బంగారం లాంటి కోడలివి. ఊఁ, నోరు తెరువు.”

దవడ దానంతటది కదిలింది. అలవాటు. కొవ్వు వాసన, మిరియాల వాసన, ఆ ముసలి చేతి పొగ వాసన. ఒళ్ళో పిల్ల కదిలి తలెత్తి చూసింది. అవి గాజు కళ్ళు కావు, ఇప్పుడు కాస్త తడి ఉంది. గుల్సున్ పెదవులు దగ్గరికి తెచ్చింది. బిగించింది. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఏడవలేదు, చెయ్యి తోసెయ్యలేదు, ఊరికే తిప్పుకుంది.

“ఏమే? పెద్దల చేతి ముద్దే ఇది.”

కిటికీ అవతల మంచు మీద కారు చక్రాల గీతలు రెండు, వచ్చినవే ఉన్నాయి, వెళ్ళినవి ఇంకా లేవు. ఈసారి నోట్లో మింగవలసింది ఏమీ లేదు.

“అక్కా,” అంది గుల్సున్, గుమ్మం వైపు చూడకుండా, “నీ చెంచా ఆ గట్టు మీద పెట్టాను. వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళు.”

జూరాకే ముందు అర్థమైంది. చంకలో కోటుని ఇంకాస్త గట్టిగా అదుముకుంది. ఉల్కాన్ చెయ్యి అలాగే ఉంది. వేళ్ళ సందుల్లో కొవ్వు తెల్లగా గడ్డకడుతోంది. ఎంతసేపలా ఉండేదో. సమత్ ఆ చేతినీ, ఆ ముద్దనీ, దాన్ని తిననివాళ్ళనీ మార్చి మార్చి చూశాడు. మడమలెత్తి నిలబడి, “అమ్మా, నాకు పెట్టు,” అని నోరు తెరిచాడు. ఉల్కాన్ కోడలి మీంచి కళ్ళు తియ్యకుండానే చెయ్యి కిందికి దించి వాడి నోట్లో పెట్టింది. పెద్దవాళ్ళకి కూర్చిన ముద్ద. వాడు రెండు బుగ్గలూ నింపుకుని, ఏమీ అనలేక, వదిన వంకే చూస్తూ నమిలాడు.